చిన్న డాక్టరు

నాకు డాక్టర్ సుభాని అంటే కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. అతను మా ఆసుపత్రికి వచ్చిన మొదటి నెలలోనే మొదలైంది. అప్పట్లో దానికి నేను పెట్టుకున్న పేరు క్రమశిక్షణ. "ఆసుపత్రిలో క్రమశిక్షణ లేకుండా పోతోందమ్మా" అని ఇంటికొచ్చి రోజూ అమ్మతో అనేదాన్ని. అమ్మ నా మొహంలోకి చూసి, "ఇవాళ ఎవరిమీదే నీ ఏడుపు?" అనేది.

మాది బందరులో పాత మిషన్ ఆసుపత్రి. అందులో పిల్లల వార్డుకి ముప్పై మంచాలు. ఆ ముప్పై మంచాలకీ ఇరవై ఏళ్ళుగా నేనే డాక్టర్ని. పేరు దయామణి. పుట్టింది కృత్తివెన్ను దగ్గర పల్లెలో. మా నాన్న ఏలీయా బోధకుడు, సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. నేను చదువు ముగించుకుని ఇక్కడ చేరిన రోజున సూపరింటెండెంటు దైవాధీనం గారు నన్ను వెంటబెట్టుకుని వార్డులన్నీ తిప్పి, "ఈవిడ మన చిన్నపిల్లల డాక్టరు" అని అందరికీ చెప్పారు. నోళ్ళలో నలిగి నలిగి చిన్నపిల్లల డాక్టరు కాస్తా చిన్న డాక్టరు అయింది. ఆయన పెద్ద డాక్టరు, నేను చిన్న డాక్టరు. రిక్షావాళ్ళకి కూడా అలా చెబితేనే మా ఇల్లు తెలిసేది. జుట్టు నెరిసినా నేను చిన్న డాక్టర్నే. ఆ పేరంటే నాకెంత ముద్దో అది పోయేదాకా నాకే తెలియలేదు.

సుభాని డెబ్భై ఏడు తుఫాను వచ్చిన మరుసటి ఏడాది మా దగ్గర చేరాడు. అంతకుముందు దివిసీమ తుఫాను బాధితుల శిబిరాల్లో ఆరునెలలు పనిచేశాడు. పెడన వాళ్ళు. తండ్రి మస్తాన్ కలంకారీ అద్దకం పనివాడు. కుర్రాడికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. వచ్చిన మూడు వారాలకే ఆయాలు అతన్ని చిన్న డాక్టరు గారు అనడం మొదలుపెట్టారు. వాళ్ళ లెక్కలో తప్పేం లేదు. వయసులో చిన్న, ఉద్యోగంలో చిన్న, చిన్న డాక్టరు కాక మరేమవుతాడు? నేను డాక్టరమ్మగారు అయిపోయాను. ఒకరోజు వరండాలో ఎవరో "చిన్న డాక్టరు గారూ!" అని పిలిస్తే నేను వెనక్కి తిరిగాను. పిలిచిన నర్సు నన్ను దాటుకుని అతని దగ్గరికి వెళ్ళింది. తిరిగిన మెడని ఏం చెయ్యాలో తెలియక గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత నన్ను పాత పేరుతో పిలిచే మనిషి ఒక్కరే మిగిలారు, పెద్ద డాక్టరుగారు. ఆయన ఒకసారి ఒక మాట అలవాటైతే మార్చుకునే రకం కాదు.

పేరు పోయిందనుకుంటే తర్వాత డ్రిల్లు వచ్చింది.

రోజూ ఉదయం ఏడున్నరకి డ్యూటీలు మారేముందు సుభాని పిల్లల వార్డు వరండాలో ఆయాల్ని, నర్సుల్ని, వంటావిడ ముత్యాలమ్మని వరసగా నిలబెట్టి వ్యాయామం చేయించేవాడు. చేతులు పైకి, నడుం పక్కకి, మోకాళ్ళు వంచి లేవడం, నిలబడ్డచోటే పరుగు. పైట కొంగులు నడుముకి బిగించి, యాభై ఏళ్ళ రావమ్మతో సహా అందరూ చిన్నపిల్లల్లా నవ్వుతూ ఎగిరేవాళ్ళు. రావమ్మ ఇరవై ఏళ్ళుగా నా వార్డులో ఆయా. ఆ మనిషికి నవ్వు వచ్చని నాకు తెలియదు.

"ఇది ఆసుపత్రా, హైస్కూలు గ్రౌండా?" అని అడిగాను మొదటిరోజే.

"పది నిమిషాలే మేడమ్," అన్నాడు సుభాని. "మా నాన్న అద్దకం బల్లమీద వంగి వంగి నలభై ఏళ్ళకే నడుం పోగొట్టుకున్నాడు. వీళ్ళూ అంతేకదండీ, పొద్దస్తమానం వంగడం, ఎత్తడం. నడుం నొప్పి మాత్రలు మన దగ్గర రోగులకంటే వీళ్ళే ఎక్కువ మింగుతున్నారు. మీరూ రండి మేడమ్, మోకాళ్ళకి మంచిది."

"నా మోకాళ్ళ సంగతి మీకెవరు చెప్పారు?"

"మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటున్నారు కదండీ."

నేను లోపలికి వెళ్ళిపోయాను. అతన్ని నేనెప్పుడూ మీరు అనే అనేదాన్ని. నా కంటే పదిహేనేళ్ళు చిన్నవాడిని మీరు అనడంలో ఎంత దూరం పెట్టవచ్చో నాకు బాగా తెలుసు. ఇక రెండు నెలలు తిరిగేసరికి నడుం నొప్పి మాత్రలు సగానికి సగం మిగిలిపోతున్నాయని కాంపౌండరు చెబితే, నాకు ఒళ్ళు మండిపోయింది.

డ్రిల్లుతో ఆగినా బాగుండేది. నిలబడ్డచోట పరుగెత్తించాక అందర్నీ గోడ గడియారం ఎదురుగా కూర్చోబెట్టేవాడు. సన్నముల్లు ఒక చుట్టు తిరిగేలోగా ఎవరి ఊపిరి వాళ్ళు లెక్కపెట్టాలి. ఆయాసం తగ్గాక మళ్ళీ లెక్కపెట్టాలి. తర్వాత పక్కవాళ్ళది. అది వచ్చాక వార్డులోకి తీసుకెళ్ళి నిద్రపోతున్న పిల్లల పొట్టమీద చూపు నిలిపి లెక్కపెట్టించేవాడు. "మీరు పరుగెత్తితే మీ ఊపిరి ఎంతకి వెళ్ళిందో చూశారుగా? ఈ పిల్ల ఎక్కడికీ పరుగెత్తలేదు, పడుకునే ఉంది. అయినా యాభై దాటిందంటే లోపల ఏదో తరుముతోందన్నమాట. ఇక ఎవర్నీ అడక్కండి, ఎత్తుకుని వచ్చెయ్యండి." ఇదీ అతని పాఠం. రావమ్మకి అక్షరం ముక్క రాదు. వందదాకా లెక్క వచ్చు. అదే చాలన్నాడు.

ఆ లెక్కవల్ల, క్యూలో చివర కూర్చుని ప్రాణంమీదికి తెచ్చుకోవలసిన ఇద్దరు పసివాళ్ళు నా బల్లదగ్గరికి సమయానికి వచ్చారు. కళ్ళారా చూశాను. చూసి నేనన్న మాట ఏమిటో తెలుసా? "ఆయాలే ఊపిరి చూసేస్తే ఇక డాక్టర్లెందుకు?"

ఇలా ఉండగా డెబ్భై తొమ్మిది జూన్‌లో గుడివాడ నుంచి ఉత్తరం వచ్చింది. మిషన్ వాళ్ళు అక్కడ కొత్తగా ఒక శిక్షణ కేంద్రం పెడుతున్నారు. వైద్యం చదివిన కుర్ర డాక్టర్లకి ఆరేసి నెలలు పిల్లల వైద్యం నేర్పి పల్లెలకి పంపాలని వాళ్ళ ఉద్దేశం. దానికి ఒక బోధకుడు కావాలి. పిల్లల డాక్టరు అయివుండాలి. ఒక్కటే పోస్టు.

ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదువు ముగిసిన ఏడాది మా ప్రొఫెసరు నన్ను కాలేజీలోనే ట్యూటరుగా ఉండమన్నారు. అదే ఏడాది నాన్న పోయాడు. అమ్మని ఒంటరిగా వదల్లేక బందరు వచ్చేశాను. అప్పటినుంచీ సుద్దముక్క పట్టుకున్న మనిషి కనబడితే నా ప్రాణం లాగేది. నేను బల్ల ఎదురుగా నిలబడాలి, కుర్రాళ్ళు లేచి నమస్కారం పెట్టాలి, నేను చెప్పిందల్లా రాసుకోవాలి. ఇరవై ఏళ్ళు కన్న కల అది. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

అమ్మకి చెబితే ముక్కుమీద వేలేసుకుంది. "బోధకుడి పనా? అది మీ నాన్న పని కదే. ఆడదానికి ఇస్తారా?"

"వాక్యం చెప్పే బోధకుడు కాదమ్మా. వైద్యం చెప్పే బోధకుడు."

"ఏదైనా నలుగురికీ చెప్పే పనేగా. నీకంత ఓపిక ఎక్కడిదే?" అంది అమ్మ, చేటలో బియ్యం ఏరుకుంటూ.

నా అర్హతలు నాకు కంఠతా వచ్చు. ఇరవై ఏళ్ళ అనుభవం. అన్నిటికీ మించి నా చెయ్యి. విరోచనాలతో ఎండిపోయిన నెలల బిడ్డకి, తలమీద వెంట్రుకంత నరం కనిపిస్తే చాలు, ఒక్క పోటుతో సూది ఎక్కించగలను. బందరులో నాలాంటి చెయ్యి లేదని మిగతా డాక్టర్లే అంటారు. ఇక ఆ పోస్టు ఎవరికి పోతుందిలే అనుకున్నాను. తర్వాత తెలిసింది, సుభాని కూడా దరఖాస్తు పెట్టాడట. నా కుళ్ళు ఆ రోజున అన్నం దగ్గర కూడా నన్ను వదల్లేదు.

ఎంపిక చేసేది కాంతారావుగారు. రిటైరైన ప్రొఫెసరు, గుడివాడలోనే ఉంటారు. సర్టిఫికెట్లతో ఆయనకి పని లేదట. మనుషులు పనిచేస్తుంటే చూస్తారట. ప్రతి గురువారం మా ఆసుపత్రి జీపు అవనిగడ్డ వెళ్ళి అక్కడ పిల్లల్ని చూసి వస్తుంది. ఆయన ఆ జీపులోనే వస్తానని కబురుపెట్టారు.

పిల్లల వార్డు డ్యూటీల పట్టిక రాసేది నేను. ఆ గురువారం అవనిగడ్డ వంతు సుభానిది. కలం తీసి అతని పేరు కొట్టేసి నా పేరు రాశాను. అతనికి వార్డు వేశాను.

"మేడమ్, ఈ గురువారం నాది కదండీ?" అన్నాడు పట్టిక చూసి.

"వార్డులో ముగ్గురు పిల్లలకి బాగాలేదు. మీమీద నమ్మకం ఉండే వేశాను," అన్నాను.

అతను పట్టికవంక ఇంకాస్త సేపు చూసి, "సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున జీపు దగ్గరికి పెద్ద డాక్టరుగారు స్వయంగా వచ్చి కాంతారావుగారికి నన్ను పరిచయం చేశారు. "వీరు దయామణి. మా చిన్న డాక్టరు గారు. ఇరవై ఏళ్ళుగా పిల్లల వార్డు అంతా వీరి చేతిమీదే నడుస్తోంది." కాంతారావుగారు నవ్వి నమస్కారం పెట్టారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని బట్టల్లో ఉన్నారు. చల్లపల్లి దాటి పులిగడ్డ అక్విడక్టు వంతెన ఎక్కేదాకా ఆయన నాతో మాట్లాడింది నాలుగు ముక్కలే. వెనక సీట్లో రావమ్మ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అవనిగడ్డలో మేం కూర్చునేది బజారు పక్కన ఒక రేకుల షెడ్డులో. అప్పటికే అరవై డెబ్భై మంది తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వరసలో ఉన్నారు. నేను బల్లముందు కూర్చున్నాను. కాంతారావుగారు పక్కన కుర్చీలో. గంటన్నరసేపు నా పని నేను చాలా బాగా చేశాను. ఆయన చూస్తూ కూర్చున్నారు.

అంతలో రావమ్మ వరస చివరినుంచి వచ్చింది. తిన్నగా కాంతారావుగారి ముందు నిలబడి, "బాబుగారూ, తమరి గడియారం ఒక్కసారి" అంది. ఆయన అర్థంకాక చూస్తుంటే, ఆయన ముంజేయి పట్టుకుని వరస చివరిదాకా లాక్కుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడ ఒక బక్కపల్చటి తల్లి ఒళ్ళో ఏడాది పిల్ల మగతగా పడుకుని ఉంది. రావమ్మ నేలమీద గొంతుక్కూర్చుని, పిల్ల చొక్కా పైకి తీసి, "సన్నముల్లు ఒక చుట్టు తిరిగేదాకా చెయ్యి కదపకండి బాబూ" అని అంత పెద్దమనిషికి ఆర్డరు వేసింది. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పిల్ల పొట్టమీద. పెదవులు కదులుతున్నాయి. ముల్లు చుట్టు పూర్తయ్యేసరికి పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది.

"యాభై ఎనిమిదమ్మగారూ," అంటూ అందర్నీ దాటుకుని నా బల్లమీద పడుకోబెట్టింది.

"నాకూ యాభై ఎనిమిదే వచ్చింది," అన్నారు కాంతారావుగారు వెనకాలే వచ్చి.

ఛాతీకి స్టెతస్కోపు పెట్టి విన్నాను. కుడివైపు కింద ఊపిరితిత్తికి నిమ్ము పట్టేసింది. ఇంజెక్షన్ చేసి, తల్లినీ పిల్లనీ జీపులో బందరు పంపించమన్నాను. వాళ్ళకి తోడు రావమ్మ. జీపు ఎక్కబోతున్న రావమ్మని కాంతారావుగారు ఆపారు.

"ఇది నీకు ఎవరు నేర్పారమ్మా?"

"మా చిన్న డాక్టరు గారండి. పొద్దున్నే డ్రిల్లు చేయించి, ముందు మా ఊపిరి మాచేతే లెక్కపెట్టించి, తర్వాత పిల్లలది నేర్పారండి. మాకందరికీ వచ్చండి."

జీపు వెళ్ళిపోయింది. కాంతారావుగారు నావైపు తిరిగారు. అప్పటిదాకా బిగించుకుని ఉన్న ఆ మొహం అంతా విచ్చుకుంది.

"నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఊపిరి లెక్క నేర్పడానికి ముందు నేర్చుకునేవాణ్ణి పరుగెత్తించాలని నాకెప్పుడూ తట్టలేదు. మీకెలా తట్టిందండీ, చిన్న డాక్టరు గారూ?"

అది నేను కాదండి అంటే సరిపోయేది. మూడు మాటలు. అవి నాలుకదాకా వచ్చాయి కూడా. ఆయన కళ్ళలో ఆ మెప్పు చూస్తుంటే అవి అక్కడే ఆగిపోయాయి. అలా నన్ను చూసినవాళ్ళు ఇరవై ఏళ్ళలో ఒక్కరూ లేరు.

"మీరింకా భోజనం చెయ్యలేదు సార్. చల్లారిపోతుంది," అన్నాను.

ఆయన దాన్ని నా అణకువ అనుకున్నారు. నవ్వుతూ క్యారియరు ముందు కూర్చున్నారు.

మూడు వారాలకి ఆర్డరు వచ్చింది. పెద్ద డాక్టరుగారు మామూలుగా తొమ్మిదికి గాని రారు. పొద్దుటి డ్రిల్లు సంగతి ఆయనకి పెద్దగా తెలియదు కూడా. ఆ రోజు మాత్రం పట్టలేని సంతోషంతో ఏడున్నరకే వచ్చేశారు. వరండాలో అందరూ చేతులు పైకెత్తి ఉండగా మధ్యలో నిలబడి ఉత్తరం పైకి చదివారు. "అక్షరం రాని ఆయాలకు సైతం ఊపిరి లెక్క నేర్పిన వారి పద్ధతిని స్వయంగా చూసి, డాక్టర్ దయామణి గారిని బోధకులుగా ఎంపిక చేయడమైనది."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. రావమ్మ నోరు తెరిచింది. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను నా గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పుడు చప్పట్లు వినబడ్డాయి. కొట్టింది సుభాని. నావైపే చూస్తూ కొట్టాడు. అతను కొట్టాడు కాబట్టి మిగతావాళ్ళూ కొట్టారు.

అతని మంచితనం చూసి సిగ్గుపడ్డానని మీరనుకుంటే పొరపాటు. ఇందులోనూ నాకంటే పెద్దవాడు అనిపించుకున్నాడు కదా అని ఇంకా మండింది.

మధ్యాహ్నం రావమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మగారూ, ఆ బాబుగారికి నేను సరిగ్గా చెప్పలేదాండీ? చిన్న డాక్టరు గారంటే ఆయన తమరనుకున్నారాండీ?"

నేను కాగితాలు సర్దుతున్నాను.

"పేరు చెప్పి ఉంటే బాగుండేదండి. కానీ డాక్టరుగారిని పేరు పెట్టి ఎలా అంటామండి? నోరెలా వస్తుందండి? ఆ బాబు నాకు మంచి చేస్తే, ఆ బాబు నోటికాడ కూడు నేను తీసేశానండి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ తప్పేం లేదు రావమ్మా. వెళ్ళి పని చూసుకో," అన్నాను.

రావమ్మ కదల్లేదు. "మరెవరి తప్పండి?" అంది.

దెప్పిపొడవడానికి అన్నది కాదు. ఆ మనిషికి అలాంటివి రావు. తెలుసుకుందామనే అడిగింది. తప్పు ఎవరిదో తెలిస్తే తన మనసు కుదుటపడుతుందని అడిగింది. నేను మళ్ళీ కాగితాలమీదికి వంగాను. ఆమె కాసేపు చూసి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆ ప్రశ్నతో నేను మూడు రోజులు వేగాను. నేను నోరు విప్పకపోతే ఆ తప్పు బతికినంతకాలం రావమ్మ నెత్తిమీదే ఉంటుంది. విప్పితే పోస్టు పోతుంది.

ఆదివారం గుడికి రానని చెబితే అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది. పొద్దుటి పాసింజరులో గుడివాడ వెళ్ళాను.

కాంతారావుగారు వీధరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను. డ్రిల్లు సుభానిది. ఊపిరి లెక్క సుభానిది. మా ఆసుపత్రిలో చిన్న డాక్టర్లు ఇద్దరున్నారు. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు, తెలిసే ఊరుకున్నాను. ఆ గురువారం అతని వంతు కూడా నేనే మార్చాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"సరేనమ్మా. ఊపిరి లెక్క అతనిది. మీది ఏమిటో చెప్పండి," అన్నారు. "మీ చెయ్యి గురించి విన్నాను. పసివాళ్ళకి నరం పట్టడంలో మీ తర్వాతే ఎవరైనా అని బందరులో ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఇరవై ఏళ్ళలో మీ కింద ఎంతమంది కుర్ర డాక్టర్లు పనిచేశారు?"

"పదిహేను, పదహారు మంది ఉంటారండీ."

"వాళ్ళలో మీలా నరం పట్టగలిగినవాళ్ళు ఒకరి పేరు చెప్పండి. ఒక్క పేరు చాలు. ఆర్డరు మార్చను. జరిగింది నేనూ మర్చిపోతాను."

ఒక్క పేరు. ఒకరి తర్వాత ఒకరిని తలుచుకున్నాను. ఏలూరు వెళ్ళినవాడు, పెళ్ళి చేసుకుని మానేసిన అమ్మాయి, తిరువూరులో ప్రాక్టీసు పెట్టినవాడు. వాళ్ళందరి మొహాలూ గుర్తొచ్చాయి. నా వెనక నిలబడి ఉన్న మొహాలు. నేను సూది పెట్టేటప్పుడు దీపం పట్టుకున్నారు, పిల్లల కాళ్ళు పట్టుకున్నారు, ప్లాస్టరు కత్తిరించి ఇచ్చారు. సూది నేను ఎవరికీ ఇవ్వలేదు. ఏదో ఒక పేరు చెబితే ఆయన వెళ్ళి చూడరని తెలుసు. అయినా ఆ పూట నా దగ్గర ఇంకో అబద్ధానికి ఓపిక లేదు.

"ఒక్కరూ లేరండీ," అన్నాను.

ఆయన తలూపారు. కోప్పడలేదు. లోపలికి కేకేసి నాకు మంచినీళ్ళు తెప్పించారు.

తిరుగు పాసింజరు పెడనలో ఆగింది. నేను దిగిపోయాను. సుభాని ఆదివారాలు ఇంటికి వెళ్తాడని తెలుసు. అద్దకం మస్తాన్ ఇల్లు అంటే ఎవరో చూపించారు. పెరట్లో తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. సుభాని లుంగీ పైకి కట్టుకుని తండ్రి నడుముకి నూనె రాస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి లేచాడు. వాళ్ళమ్మ నూర్ బీ పీట వేసి టీ పెట్టడానికి వెళ్ళింది. అతన్ని పక్కకి పిలిచి, తాటాకు పందిరి కింద నిలబడి గుడివాడలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. పోస్టు అతనికే వస్తుందన్నాను.

సంతోషపడతాడనుకున్నాను. కాళ్ళకి నమస్కారం పెడతాడేమోనని కూడా అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది. అతను నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"చప్పట్లు కొట్టింది మంచితనంతో అనుకున్నారా మేడమ్?" అన్నాడు. "కోపంతో కొట్టాను. నేను కొడుతుంటే మీ మొహం ఎలా అవుతుందో చూద్దామని కొట్టాను. ఇవాళ ఇంటికొచ్చి మా నాన్నతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. మీరంటే నాకు అంత కుళ్ళు."

"నామీదా?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు. "నాదగ్గర ఏముందని?"

"మీ చెయ్యి. మీరు ఒక్కసారిలో పెడతారు. నేను నాలుగుసార్లు గుచ్చుతాను, ఆ తల్లులు ఏడుస్తారు. ఏడాది నుంచీ ఎలా పెడుతున్నారో చూసి నేర్చుకుందామని మీ వెనకాల నిలబడుతున్నాను. నేను ముందుకి వంగినప్పుడల్లా మీ కుడిభుజం అడ్డం వస్తుంది. మొదట్లో అనుకోకుండా వస్తోందనుకున్నాను. తర్వాత ఎడమపక్క నుంచి చూద్దామని వచ్చాను. అప్పుడు ఎడమభుజం వచ్చింది."

నేను కాదనలేదు. కాదనడానికి లేదు. అతను వంగితే నా భుజం దానంతటదే లేచేది. పదహారు మందికీ అలాగే లేచింది. అతని ఒక్కడి కోసం పుట్టిన కుళ్ళు కాదది. అతను రాకముందే, ఇరవై ఏళ్ళుగా ఎవరు వెనక నిలబడితే వాళ్ళకి అడ్డంపెట్టింది.

నూర్ బీ టీ తెచ్చి ఇచ్చింది. పీటమీద కూర్చుని తాగాను. గ్లాసు కింద పెట్టి లేచాను.

"గుడివాడలో వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి."

"ముందు ఆర్డరు రావాలి కదండీ."

"ఇంకా ఇరవై రోజులుంది. ఆరో మంచం పిల్లకి రేపు సూది మార్చాలి. ఆ పిల్లకి నరాలు కనబడవు, వేలితో వెతుక్కోవాలి," అన్నాను. "నువ్వు పెట్టు. నేను వెనకాల నిలబడతాను."